శరీర భాగాల జిగ్సా పజిల్‌తో ఇంట్లో పిల్లలకు నేర్పడం సరైనదేనా?

వరంగల్ అమ్మ:
మా పాపకు ఏడేళ్లు. పుట్టినరోజుకు మానవ శరీరం బొమ్మ ఉన్న జిగ్సా పజిల్ కొన్నాను. నెల తిరగకుండానే గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, పేగులు అని పేర్లు చెబుతూ ముక్కలు కూరుస్తోంది. నిన్న అన్నం తింటూ, "అమ్మా, ఈ ముద్ద ఇప్పుడు ఆరు మీటర్ల చిన్నపేగులోకి వెళ్తుందా?" అని అడిగింది. ఈ పద్ధతి మంచిదేనని నా నమ్మకం. మీ ఇళ్లలో ఎవరైనా ప్రయత్నించారా?

జీవశాస్త్రం మాస్టారు, ఒంగోలు:
అమ్మా, 31 సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించిన వాణ్ణి కనుక ఉన్నమాట చెబుతాను. 1760లలో లండన్‌లో, మొదటి జిగ్సాలు చేసినవాడిగా చెప్పే జాన్ స్పిల్స్‌బరీ దేశాల పటాన్ని చెక్కకు అతికించి ముక్కలు చేసినప్పుడు సరిహద్దుల వెంటే కోశాడు కాబట్టి, ముక్క పట్టుకున్న పిల్లవాడి చేతిలో ఒక దేశం ఉండేది. మామూలు జిగ్సాలో కోత కాలేయం మధ్యలోంచి పోతుంది. సగం కాలేయమూ కొంత జీర్ణాశయమూ ఒకే ముక్కలోకి వస్తాయి. పాప కలిపేది రంగులనూ అంచులనూ మాత్రమే. పైగా బొమ్మ ఎదురుగా ఉంటుంది గనుక దాని కుడి పాపకు ఎడమ. కాలేయం ఎటువైపు ఉందో తన ఒంటిమీద చూపించమనండి.

వరంగల్ అమ్మ:
అడిగాను మాస్టారూ. ఎడమవైపే చెయ్యి పెట్టింది. వెంటనే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలేయం ఉన్న ముక్కలను కుడి పక్కటెముకల కింద ఆనించి చూపించాను. ఇక మరచిపోదు. పద్ధతిని ఇలా సరిదిద్దుకోవచ్చు కదా?

కూకట్‌పల్లి నాన్న:
దీన్ని చిన్న పొరపాటుగా తీసుకోకండి. నిరుడు నేను ఊళ్లో లేనప్పుడు మావాడికి కడుపునొప్పి వచ్చింది. ఫోన్‌లో, "నీ పజిల్‌లో ఎక్కడో చూసి చెప్పు" అని నేనే అడిగాను. వాడు ఎడమ అన్నాడు. గ్యాస్ అనుకుని రాత్రంతా ఊరుకున్నాము. తెల్లవారి ఆసుపత్రికి తీసుకెళ్తే అపెండిసైటిస్, అంటే పెద్దపేగు మొదట్లో ఉండే చిన్న తోక వాచిందని అన్నారు. ఆ రోజే ఆ పజిల్‌ను అటక మీద పడేశాను.

విజయవాడ నర్సు:
ఆ నొప్పి చాలామందిలో బొడ్డు దగ్గర మొదలై తరువాత కుడివైపు కిందికి దిగుతుంది. తగ్గని కడుపునొప్పికి వైపు చూడకుండా డాక్టరుకు చూపించాలి.

కూకట్‌పల్లి నాన్న:
అది ఇప్పుడు నాకూ తెలుసు. కానీ కుడి ఎడమలు తారుమారైన విషయం అబద్ధం కాదు.

జీవశాస్త్రం మాస్టారు, ఒంగోలు:
వైపు ఒక్కటే కాదు, లోతు కూడా పోతుంది. మూత్రపిండాలు పేగుల వెనుక, వీపు వైపున ఉంటాయి. కాలేయం వల్ల కుడిది కాస్త కిందికి ఉంటుంది. అట్టమీద అన్నీ ఒకే తలంలో పరచినట్టు ఉంటే పిల్లలకు ఇది ఎలా తెలుస్తుంది? మాంసం కొట్టులో మేక ఊపిరితిత్తులు అడిగి తెచ్చి, గొట్టంతో ఊది, అవి ఉబ్బడం నా విద్యార్థులకు చూపించేవాణ్ణి. చదువంటే అది.

వరంగల్ అమ్మ:
మాస్టారూ, కుడి ఎడమలు, ముందు వెనుకలు అంటూ ఇన్ని మాటలు నడిచాయి గానీ, అసలు లేని ముక్క గురించి ఒక్కరూ అడగలేదు. పజిల్ పూర్తిచేసి మా పాప, "నేను నీ కడుపులో ఉన్నానన్నావు కదా, ఆ సంచి ఏది?" అని అడిగింది. బొమ్మలో గర్భాశయం లేదు. మూత్రాశయం దగ్గరితో శరీరం అయిపోయింది.

జీవశాస్త్రం మాస్టారు, ఒంగోలు:
ఏడేళ్ల పిల్లకు అది అవసరం లేదు. ఆ పాఠం పదో తరగతిలో ఉంది.

వరంగల్ అమ్మ:
పదో తరగతిలో ఉందా? మా సారు ఆ పాఠం వచ్చినప్పుడు, "ఇంట్లో చదువుకోండి" అని పేజీలు తిప్పేశారు. అసలు అప్పటికే ఆలస్యమైపోయింది. ఏడో తరగతిలో పెద్దమనిషినైన రోజు, రక్తం చూసి ఏదో పెద్ద జబ్బు వచ్చిందనుకుని పుస్తకాల సంచిలో తల దాచుకుని ఏడ్చాను. మా అమ్మ కూడా ఏమీ చెప్పలేదు. నేను పజిల్ కొన్నది కాలేయం కోసం కాదు. నా కూతురు తన ఒంటిలో ఏదీ సిగ్గుపడవలసినది కాదని తెలుసుకుని పెరగాలని కొన్నాను. మీ పాఠశాలలో ఆ పాఠం మీరు చెప్పారా? సూటిగా సమాధానం ఇవ్వండి.

కూకట్‌పల్లి నాన్న:
పెద్దవారితో ఇలా మాట్లాడటం బాగాలేదు.

జీవశాస్త్రం మాస్టారు, ఒంగోలు:
అడగనివ్వండి. మొదటి మూడేళ్లు చెప్పాను. తరువాత ఒక తండ్రి వచ్చి, ఆడపిల్లల ముందు ఆ బొమ్మ బోర్డు మీద ఎలా గీశావని సిబ్బంది గదిలో అందరి ముందూ నిలదీశాడు. ప్రధానోపాధ్యాయుడు నా పక్షాన ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తరువాత నేనూ, "ఇంట్లో చదువుకోండి" అనే చెప్పాను. ఇళ్లలో ఎవరూ చెప్పరని తెలిసే చెప్పాను. అది నా తప్పే.

విజయవాడ నర్సు:
మా వార్డుకు వచ్చే పెళ్లయిన ఆడవాళ్లలో కూడా మూత్రం, బిడ్డ ఒకే దారిన వస్తాయనుకునేవారు ఉన్నారు.

వరంగల్ అమ్మ:
మిమ్మల్ని నొప్పించినందుకు మన్నించండి మాస్టారూ. పెళ్లిపత్రిక అట్టతో గర్భాశయం ముక్క ఒకటి కత్తిరించాను. దాన్ని మూత్రాశయం మీద పెట్టాలా, కింద పెట్టాలా?

జీవశాస్త్రం మాస్టారు, ఒంగోలు:
మూత్రాశయానికి వెనుక, పురీషనాళానికి, అంటే పెద్దపేగు చివరి భాగానికి, ముందు ఉంటుందమ్మా. అందుకే లోతు అని అంతగా పట్టుబట్టాను. మూత్రాశయం ముక్కను పైకి తీసి, దాని కింద ఇది పెట్టండి. పెద్ద ఆడవాళ్లలో మామూలుగా వాళ్ల పిడికిలంతే ఉంటుందని, బిడ్డ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుందని చెప్పండి. రెండు పక్కలా అండాశయాలకు చిన్న ముక్కలు కూడా కత్తిరించండి.