సియాటిల్ దగ్గర మంచు కొండ: స్నోక్వాల్మీకి చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చా?

సమామిష్ కోడలు:
అందరికీ నమస్కారం. కాకినాడ నుంచి మా అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి ఉన్నారు, మార్చిలో వెళ్ళిపోతారు. ఈలోగా ఒక్కసారైనా మంచు కొండ చూపించాలని మావారి పట్టు. పాపకి ఆరేళ్ళు, స్కీయింగ్ నేర్చుకుంటానని ఒకటే గొడవ. బాబుకి మూడు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. మా బండి క్యామ్రీ, ఆల్ వీల్ డ్రైవ్ కాదు. అందరూ స్నోక్వాల్మీ దగ్గర కదా అంటున్నారు గానీ, వెబ్‌సైట్ తెరిస్తే వెస్టు, సెంట్రల్, ఈస్టు, ఆల్పెంటల్ అని నాలుగు పేర్లు. ఎక్కడ దిగాలి, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి?

గోదారిగట్టు:
ఏటా పిల్లల్ని తిప్పేవాణ్ణి కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నానండి.

ముందు ఆల్పెంటల్ పేరు మర్చిపోండి. అది ఆరితేరినవాళ్ళ కొండ. మిగతా మూడూ ఐ-90 హైవే పక్కనే వరసగా ఉంటాయి: 52వ ఎగ్జిట్‌లో వెస్టు, 53లో సెంట్రల్, 54లో ఈస్టు. ట్యూబింగ్, అంటే గాలి ట్యూబుల మీద కూర్చుని మంచు మీద జారడం, సెంట్రల్ దగ్గర. టికెట్ ఫలానా టైముకని ఇస్తారు, శని ఆదివారాలవి ముందే అయిపోతాయి. అక్కడికెళ్ళి కొందాం అనుకుంటే చూసి రావడమే.

నా మాట వింటే, పెద్దవాళ్ళనీ పాప స్కీ క్లాసునీ ఒకే రోజు పెట్టుకోవద్దు. క్లాసంటే బూట్లు అద్దెకు తీసుకోవడం, క్యూలు, ఒకరు పాప వెనకాల, ఇంకొకరు బాబు వెనకాల. మధ్యలో మీ అత్తగారు లాడ్జిలో ఒక మూల బ్యాగులకి కాపలా. ఆవిడ కాకినాడ వెళ్ళి చెప్పుకునేది ఆ బ్యాగుల గురించే అవుతుంది.

ఆవిడ కోసం 54వ ఎగ్జిట్‌లో హయక్ స్నో-పార్క్ ఉంది. అది రిసార్టు కాదు, రాష్ట్ర పార్కులవాళ్ళది. పార్కింగుకీ పిల్లలు జారే గుట్టకీ దూరం తక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు బండి దగ్గరే మడత కుర్చీ వేసుకుని అంతా చూడొచ్చు. బాత్రూములున్నాయి. స్నో-పార్క్ పర్మిట్ ముందే కొనుక్కోవాలి, రాష్ట్ర పార్కులకి వాడే డిస్కవర్ పాస్ ఒక్కటీ సరిపోదు. కూర్చుని జారే ప్లాస్టిక్ స్లెడ్ ఇంటినుంచే పట్టుకెళ్ళండి. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ ఉంటే డిక్కీ తెరిచి అక్కడే పంక్తి వేసేయొచ్చు.

రోజు ఎంచుకునేటప్పుడు స్నో లెవెల్, అంటే ఏ ఎత్తు నుంచి పైన వాన కాక మంచు పడుతుందో, చూడండి. స్నోక్వాల్మీ పాస్ (కనుమ) ఎత్తు 3,022 అడుగులే. ఫోర్‌కాస్ట్‌లో స్నో లెవెల్ నాలుగైదు వేల అడుగులని ఉంటే కొండ మీద పడేది వానే. అరగంటలో పిల్లలు తడిసి ముద్దైపోతారు. అదే కారణంగా ఇక్కడి మంచు కూడా బరువు, తడి. జీన్స్ ప్యాంట్లతో మాత్రం ఎవరినీ దింపకండి. గ్లవ్స్ కూడా నీళ్ళు దిగనివే కావాలి, ఉన్నివి ఎందుకూ పనికిరావు.

ఇక పాప సంగతి. మీకు వీలుంటే వారం మధ్యలో సెలవు పెట్టి వెస్టుకి తీసుకెళ్ళండి. గుంపు క్లాసు చాలు, మొదటిసారే ప్రైవేటు క్లాసు దండగ. వాళ్ళు పిల్లలకి స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టించి ‘పిజ్జా’ అంటారు. అదే బ్రేకు. ఆ రోజంతా ఇంట్లో కూడా పిజ్జా, పిజ్జా అని అరుస్తూనే ఉంటుంది.

బూటు తొడిగేటప్పుడే తల్లిదండ్రులకి చెమటలు పడతాయి. సాక్సు ఒక్కటే జత, మోకాలిదాకా లాగి ముడతలు లేకుండా సర్దాలి. రెండు జతలేస్తే వెచ్చగా ఉంటుందనుకుంటాం గానీ, కాలు బిగుసుకుని ఇంకా చల్లబడుతుంది. బకిల్సన్నీ విప్పేసి, బూటు నాలుకని బాగా ముందుకు లాగి, పాదం దోపి, మడమని నేలకేసి రెండుసార్లు కొట్టమనండి. మడమ వెనక్కి ఆనాకే బకిల్స్ బిగించాలి. ప్యాంటు అంచు బూటు లోపలికి దూరకూడదు, పైనుంచే రావాలి. దూరిందా, పిక్క మీద ఒత్తుకుని పది నిమిషాల్లో ఏడుపే.

చైన్ల బాబాయ్:
క్యామ్రీ అన్నారు కాబట్టి చెప్తున్నా. మంచులో జారకుండా టైర్లకి చుట్టే చైన్లు టైరు సైజు చూసి కొనండి, మీ బండికి ముందు చక్రాలకే వేయాలి. ఇంటి ముందు పొడి నేల మీద ఒకసారి వేసి చూసుకోండి, కొండ పక్కన వానలో పడుకుని నేర్చుకునే విద్య కాదది. ‘చైన్స్ రిక్వైర్డ్’ అని బోర్డు వెలిగితే ఆల్ వీల్ డ్రైవ్‌కి వేసుకోకుండా మినహాయింపు ఉంటుంది, కానీ వాళ్ళ బండిలోనూ చైన్లు ఉండి తీరాలి. బయల్దేరేముందు రాష్ట్ర రోడ్ల శాఖ డబ్ల్యూ‌ఎస్‌డాట్ కెమెరాలు చూడండి. అవలాంచీ (కొండ మీది మంచు విరిగి జారిపడే) ముప్పు ఉంటే ఐ-90ని కాసేపు మూసేస్తారు కూడా.

రెడ్మండ్ రాధ:
గోదారిగట్టు గారూ, అత్తగారిని మరీ కుర్చీకి కట్టేస్తున్నారు! మా అమ్మ చీర మీదే స్నో ప్యాంటు తొడుక్కుని స్లెడ్ మీద జారింది, దిగనని పేచీ కూడా పెట్టింది. కాకపోతే విజిటర్ ఇన్సూరెన్సు కాగితాలు ముందు చదవండి. చాలా పాలసీల్లో స్కీయింగ్ లాంటివాటికి డబ్బులు రావు. మోకాళ్ళ నొప్పి పాతదంటే దానికీ పేచీయే.

సమామిష్ కోడలు:
అందరికీ చాలా థాంక్సండీ. ఈ ఆదివారం స్నో లెవెల్ 2,000 అడుగులు చూపిస్తోంది, హయక్‌కి బయల్దేరుతున్నాం. పాప క్లాసు తర్వాతి వారం బుధవారానికి పెట్టాం. ఇంకో చిక్కొచ్చింది. మామయ్యగారు ఎక్కడికైనా పంచెతోనే వస్తానంటున్నారు. ఏం చెయ్యమంటారు?

గోదారిగట్టు:
లోపల థర్మల్, దాని మీద స్నో ప్యాంటు, ఆపైన పంచె కట్టుకోమనండి. ఫొటోల్లో పంచే కనపడుతుంది.