మక్కకు తడి ఎప్పుడు: రోజులు లెక్కబెట్టా, మట్టి చూసా?

చెల్క రైతు, పర్వతగిరి: యాసంగి మక్కకు 40 రోజులు. మా నాన్న నాటి నుంచి 6 రోజులకో తడి. ఈసారి 6వ రోజు జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట్లో నొక్కాను. ముద్ద కట్టింది, అరచేతికి చెమ్మ అంటింది. మోటారు వెయ్యలేదు. 8వ రోజు ముద్ద వేళ్ల సందున రాలిపోయింది, అప్పుడు పెట్టాను. పైరు వాడలేదు. రోజుల లెక్క ఇంకా ఎందుకు?

రేగడి పొలం: జానెడు చాలదు. మక్క వేరు ఇంకా కిందికి పోతుంది. రేగడిలో తేమ తగ్గినా ముద్ద కడుతుంది, దాన్ని నమ్మితే పంట పోతుంది. మూరెడు తవ్వాలి.

చెల్క రైతు: నాది రేగడి కాదు అన్నా, చెల్క, తేలిక నేల.

నర్సంపేట మిర్చి: నిరుడు రోజుల లెక్కన కట్టి మిర్చిలో వేరుకుళ్లు తెచ్చుకున్నాను. తడి మీద తడి పడింది.

రేగడి పొలం: మిర్చి సంగతి కాదు. మూరెడు తవ్వాలా వద్దా?

వరి మడి: వరికైతే రంధ్రాల పైపు పాతండి. పైపులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక తడి పెడితే చాలు, పూత దశలో మాత్రం ఆరనివ్వొద్దు.

చివరి ఆయకట్టు: మాది కాకతీయ కాలువ చివర. వారబందీలో, అంటే వంతుల వారీగా నీళ్లు వదిలే పద్ధతిలో, మా వంతు వచ్చిన రోజే తడి. తర్వాతి వంతు మక్క కంకికి పీచు వచ్చే దశకు అందకపోతే గింజ పట్టదు. అందుకే నేల తడిగా ఉన్నా కడతాను.

చెల్క రైతు: నేను బోర్ల గురించే అంటున్నా. 2018 జనవరిలో 24 గంటల కరెంటు వచ్చాక కూడా కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేలా ఆటోస్టార్టర్ పెట్టి వదిలేసే వాళ్లను చూస్తే కడుపు మండుతుంది.

రేగడి పొలం: ఎవరిని అంటున్నవు తమ్మీ? నిరుడు ఫిబ్రవరిలో నీళ్లు మిగుల్దామని 10 రోజులు మోటారు బంద్ పెట్టిన. గట్టు పక్క 3 బోర్లు రాత్రింబగళ్లు నడిచినయి. మార్చికి నా బోరు ఆగి ఆగి పోసింది. వాళ్ల మక్క పండింది, నాది కంకి మీద ఎండింది. మట్టి చూడడం నాకు రాక కాదు. నేను మిగిల్చిన నీళ్లు ఎవరివి, ముందు అది చెప్పు.

చెల్క రైతు: ఈ మాట మొదలే చెప్పాల్సింది అన్నా. పొద్దంతా జానెడు, మూరెడు అని కొట్లాడినం. మా గట్టు మీద 4 బోర్లున్నాయి. అందరం ఒకే రోజు మట్టి చూసి తడి పెడదామని అడుగుతాను.

చివరి ఆయకట్టు: ఒక్కరు ఒప్పుకోకపోతే?

రేగడి పొలం: నేను అడిగి చూసిన. ఇద్దరు సరే అన్నారు, మూడో ఆయన మోటారు ఆపలేదు.