ట్రోఫీ ప్లేటు మీద తెలుగు: ప్రదానమా, ప్రధానమా?

అడిగినవారు:

అందరికీ నమస్కారం. మా సంఘం ఉపన్యాస పోటీలు పెడుతోంది. ట్రోఫీల కింద అతికించే ఇత్తడి ప్లేట్ల మీద ఈసారి తెలుగే ఉండాలని అందరినీ ఒప్పించాను. ఇప్పుడు చెక్కేవాళ్లకి మ్యాటర్ పంపాలి. నేను రాసింది ఇదీ:

"వకృత్వ పోటీలలో ప్రధమ బహుమతి సాధించిన సందర్భముగా కుమారి స్వాథి గారికి మా సంఘముచే బహుకరించబడినది. బహుమతి ప్రధానోత్సవము."

పేరు నమూనాకి పెట్టాను. నా అనుమానం చివరి మాట గురించి. ద-నా, ధ-నా? ఆహ్వానపత్రాల్లో, బ్యానర్లలో రెండూ కనిపిస్తున్నాయి. చెక్కాక దిద్దలేం కాబట్టి టెన్షన్‌గా ఉంది. తెలిసినవారు చెప్పండి.

జవాబు:

చెక్కించే ముందే అడిగారు, చాలా సంతోషం అండీ. ఒత్తు లేని ద. ప్రదానం, ప్రదానోత్సవం.

సంస్కృతంలో 'దా' ధాతువుకి ఇవ్వడం అని అర్థం. దానం, దాత, ప్రదాత అందులోంచి వచ్చినవే. 'ధా' వేరే ధాతువు, దానికి ఉంచడం అని అర్థం. నిధానం, విధానం, ప్రధానం దాన్నుంచి వచ్చాయి. అన్నిటికంటే ముందు ఉంచదగ్గది ప్రధానం, అంటే ముఖ్యమైనది. తెలుగులో ప్రధానానికి ఇంకో అర్థం కూడా ఉంది: పెళ్లి నిశ్చయం చేసుకోవడం. ప్రధానపు ఉంగరం అన్న మాటలో ఉన్నది అదే. కాబట్టి బహుమతి పక్కన 'ప్రధానోత్సవం' అని రాస్తే ముఖ్యమైన ఉత్సవం అనో, నిశ్చితార్థం అనో అర్థం రావచ్చు గానీ, ఇవ్వడం అన్న అర్థం రాదు.

మిగతా మాటలు కూడా చూద్దాం. 'వకృత్వ' కాదు, వక్తృత్వ. వక్త అనే మాటకి సంస్కృతంలో అసలు రూపం 'వక్తృ'. దానికి 'త్వ' చేరి వక్తృత్వం అయింది. కర్తృత్వం, నేతృత్వం కూడా ఇలా ఏర్పడినవే. పలికేటప్పుడు ఆ త ఒత్తు సరిగా వినపడదు, అందుకే రాతలో జారిపోతుంది. అది జారిపోతే మాటలో వక్తే లేడు.

'బహుకరించు' కాదు, బహూకరించు. హు-కి దీర్ఘం. లఘు అనే మాట 'లఘూకరణ' అయినప్పుడు దీర్ఘం వచ్చినట్టే బహు కూడా 'బహూకరణ' అవుతుంది.

'ప్రధమ' కాదు, ప్రథమ. ఇది స్పెల్లింగ్‌తో తీరే విషయం కాదు, చెక్కడంతో కూడా సంబంధం ఉంది. ద కింద చిన్న గీత పెడితే ధ. ఆ ధ లోపల చుక్క పెడితే థ. ప్లేటు మీద అక్షరం మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే ఆ చుక్క ఎంత ఉంటుందో ఊహించండి. మీరు సరిగ్గా ప్రథమ అని పంపినా, సన్నటి అక్షరాల్లో చుక్క పూడిపోయి ప్రధమ అనే కనిపించవచ్చు. ప-ఫ, డ-ఢ జంటల్లోనూ ఇదే ప్రమాదం. ఫణి అనే పేరులో కింది గీత తేలకపోతే అది పణి అయిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలకీ ఈ బాధ ఉంది. ఐస్ హాకీలో ఇచ్చే స్టాన్లీ కప్ మీద 1972 విజేత బోస్టన్ బ్రూయిన్స్ పేరు చెక్కినప్పుడు 'బోస్టన్'లో రెండు 'ఓ'ల చోట రెండు 'క్యూ'లు పడ్డాయి. ఆ రెండు అక్షరాలకీ తేడా ఒక్క తోకే.

ఇక పేరు. స్వాథి కాదు, స్వాతి. మీకు పేర్ల జాబితా ఇంగ్లీషులో వచ్చి ఉంటుంది. మనవాళ్లు ఇంగ్లీషులో త అని తెలియడానికి 'టీ' పక్కన 'హెచ్' కూడా రాస్తారు. దాన్ని టైపింగ్ టూల్‌లో వేస్తే థ వచ్చేస్తుంది. లత, గీత, కీర్తి, భారతి అన్నీ ఇలాగే పాడవుతాయి. ఇంగ్లీషు జాబితా నుంచి తెలుగు పేర్లు ఎప్పుడూ తయారు చేయకండి. ఎవరి పేరు వాళ్ల చేతే తెలుగులో రాయించుకోండి. లక్ష్మి అని హ్రస్వంతో రాసుకునేవారూ, లక్ష్మీ అని దీర్ఘంతో రాసుకునేవారూ ఉన్నారు. విడిగా ఉన్నప్పుడు లక్ష్మి, సమాసంలో లక్ష్మీనరసింహ అన్నది వ్యాకరణం. కానీ మనిషి పేరు దగ్గర ఆ మనిషి రాసుకున్నదే చివరి మాట.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. మీ వాక్యంలో తప్పులన్నీ దిద్దినా ఆ వాక్యం ప్లేటు మీద వద్దంటాను. 'సంఘముచే బహూకరించబడినది' చదివితే కన్ను సంఘం మీద ఆగుతుంది. ట్రోఫీ ఎవరి ఇంట్లో ఉంటుందో వాళ్ల పేరు మధ్యలో ఎక్కడో 'గారికి' అని పోతుంది. పదేళ్ల తర్వాత దాన్ని చేతిలోకి తీసుకునే మనిషి చూసేది ముందు తన పేరు, తర్వాత దేనికి వచ్చింది, ఆ తర్వాత ఎప్పుడు. ఎవరిచ్చారన్నది చివర. ప్లేటు మీద కూడా ఆ వరసే ఉండాలి:

స్వాతి (పెద్ద అక్షరాల్లో, ఇంటిపేరుతో)
వక్తృత్వ పోటీ: ప్రథమ బహుమతి
సంఘం పేరు, సంవత్సరం

క్రియ లేదని అసంపూర్ణంగా అనిపించవచ్చు. తెలుగుకి ఆ ఇబ్బంది లేదు. 'ఈమె విజేత' అంటే అందులో క్రియ లేదు, అయినా నిండు వాక్యమే. పేర్లతోనే వాక్యం నిలబెట్టగలగడం మన భాషకి ఉన్న గొప్ప వీలు, ఇంత చిన్న జాగాలో దాన్ని ఎందుకు వదులుకోవాలి? ప్రదానోత్సవం అన్న మాట కూడా ప్లేటు మీద అక్కర్లేదు. అది ఆ రోజు వేడుక పేరు, బ్యానర్ మీద రాయండి, ద-తో.

మరో సభ్యుడు:

మీ వివరణ బాగుంది గానీ, ఇచ్చినవారి పేరు ముందు రాయడం మనకి కొత్త కాదు కదండీ. రాతి శాసనాలు చూడండి. రాజు బిరుదులతో మొదలయ్యేవి ఎన్ని లేవు? ఆ తర్వాతే ఫలానావారికి ఫలానా దానం ఇచ్చారని వస్తుంది. 'చే బహూకరించబడినది'లో ఆ గాంభీర్యం ఉందని నాకనిపిస్తుంది. క్రియ తీసేస్తే బరువు తగ్గుతుంది.

జవాబు:

శాసనాల మాట నిజమేనండీ. కానీ శాసనం చేసే పని వేరు. ఈ భూమిని ఫలానావారికి ఇచ్చాం, దీన్ని ఎవరూ లాక్కోకూడదు అని అది తర్వాతి తరాలకి చెప్పాలి. ఆ మాటకి బలం ఇచ్చినవాడి అధికారంలోంచి వస్తుంది. అందుకే అతని పేరు ముందు. ట్రోఫీకి విలువ గెలిచినవాళ్ల శ్రమలోంచి వస్తుంది. వ్యాకరణంలో కూడా, ఇచ్చింది ఎవరికి చేరుతుందో ఆ పదాన్ని సంప్రదానం అంటారు. మనం ఇందాకటి నుంచి మాట్లాడుకుంటున్న 'దా' అందులోనూ ఉంది. ఇవ్వడం అన్న పని పూర్తయ్యేది పుచ్చుకునే మనిషి దగ్గరే.

గాంభీర్యం కావాలంటే దానికీ చోటుంది. సన్మానాల్లో ఇచ్చే జ్ఞాపిక మీద నాలుగైదు వాక్యాలు పడతాయి. అక్కడ కూడా 'ఫలానా గారికి, ఆప్యాయంగా, ఫలానా సంఘం' అంటే నిండుగా ఉంటుంది. 'చేయబడినది' మనం నోటితో అనే మాట కాదు. అధికారిక ఉత్తర్వుల రాతకి అలవాటుపడి అదే మర్యాద అనుకుంటున్నాం.

గారు, కుమారి, శ్రీమతి గురించి కూడా చెప్పేస్తాను. సన్మాన జ్ఞాపిక మీద గారు తప్పకుండా ఉండాలి. పోటీ ట్రోఫీ మీద ఉత్త పేరే బాగుంటుంది. కుమారి, శ్రీమతి మాత్రం ఎక్కడా వద్దు. ఉపన్యాసం బాగా ఇచ్చినందుకు వచ్చిన బహుమతికి పెళ్లి సంగతితో పనేముంది? విజేత అన్న మాట ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే, అదే హాయి.

డీటీపీ పని చేసే సభ్యురాలు:

మాటలు సరిచూసుకున్నాక చాలామంది ఆగిపోతారు. అసలు గండం ఆ తర్వాత ఉంది. మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో టైప్ చేస్తారు. చెక్కే యంత్రం దగ్గరున్న సాఫ్ట్‌వేర్ పాతదైతే ఒత్తులు విడిపోతాయి. వక్తృత్వలో క పక్కన పొల్లు, త పక్కన సుడి విడిగా వచ్చేస్తాయి. లేదంటే మీ మ్యాటర్‌ని పాత ఫాంట్‌లోకి మారుస్తారు, ఆ మార్పిడిలో ఒక ఒత్తు మారిపోయినా చెక్కే మనిషికి తెలుగు రాకపోతే పట్టుకోలేరు. రాజ్‌కుమార్ లాంటి పేర్లు ఇంకా కష్టం. జ్ తర్వాత కనపడని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. అది ఎగిరిపోతే క వెళ్లి జ కింద ఒత్తుగా చేరుతుంది, పేరు రాజ్కుమార్ అయిపోతుంది.

అందుకని టెక్స్ట్ పంపకండి. డిజైన్ చేసేవారితో అక్షరాలని ఔట్‌లైన్ చేయించి, అంటే బొమ్మగా మార్పించి పంపండి. అప్పుడు అవతలి కంప్యూటర్‌లో ఏ ఫాంట్ ఉన్నా లేకపోయినా అక్షరం కదలదు.

లైన్ల మధ్య జాగా కూడా చూడండి. ఇంగ్లీషు ప్లేటుకి వేసిన డిజైన్‌లో తెలుగు పోస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడులకి తగులుతాయి. జ్యోత్స్న, లక్ష్మి లాంటి పేర్లలో అక్షరాలు కిందికి ఎంత దిగుతాయో చూడండి. మూడు లైన్లకి మించి పెట్టకపోతే మంచిది. ఫాంట్ మరీ సన్నదీ వద్దు, మరీ లావుదీ వద్దు. లావు ఫాంట్‌లో థ లోపల చుక్కకి చోటే ఉండదు.

ఇత్తడి ప్లేటు అన్నారు. ఉత్త ఇత్తడి అయితే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్‌తో గుర్తు పడదు, ఆ కాంతిని లోహం వెనక్కి కొట్టేస్తుంది. ఫైబర్ లేజర్ కావాలి. నల్ల పూత వేసిన ఇత్తడి అయితే లేజర్ ఆ పూతని తీసేస్తుంది, కింద బంగారు రంగులో అక్షరాలు తేలతాయి. తెలుగు వంపులు అందులో చాలా స్పష్టంగా వస్తాయి, నేనైతే అదే తీసుకోమంటాను. మెరుగుపెట్టిన ప్లేటు మీద రంగు నింపకుండా గీస్తే వెలుగులో అక్షరాలు కనపడవు. వజ్రపు మొనతో గీసే యంత్రమైతే అక్షరం అంచు వెంటే గీత పోతుంది, మధ్యలో ఖాళీగా ఉంటుంది. పెద్ద పేరుకి ఫర్వాలేదు, చిన్న లైన్లకి వద్దు.

అడిగినవారు:

ఇంత ఓపికగా చెప్పారు, చాలా కృతజ్ఞతలు. ఇంకో చిక్కు ఉంది. గెలిచేదెవరో ఆ రోజు వేదిక మీదే తెలుస్తుంది. మరి పేరు ముందే ఎలా చెక్కించాలి?

జవాబు:

రెండు ప్లేట్లుగా చేయించండి. పోటీ, స్థానం, సంఘం, సంవత్సరం ఉన్నది ముందే అతికించి ఉంటుంది. పేరు ప్లేటు తర్వాత చెక్కించి దాని పైన పెట్టాలి. ఆస్కార్ వాళ్లు చేసేదీ ఇంచుమించు ఇదే. ట్రోఫీ వేదిక మీద పేరు లేకుండానే ఇస్తారు. 2010 నుంచి ఆ రాత్రే విందులో విజేత పేరున్న ప్లేటు బిగించి ఇస్తున్నారు. దానికోసం నామినేట్ అయిన అందరి పేర్లతోనూ ప్లేట్లు ముందే సిద్ధంగా ఉంచుతారు. ఫైనల్‌కి వచ్చేవాళ్లు తక్కువమందే అయితే మీరు కూడా అలా చేయవచ్చు. ఎలా చేసినా ఆ పేరు మీద ఒకటికి రెండు జతల కళ్లు పడాలి. 1938లో స్పెన్సర్ ట్రేసీకి ఉత్తమ నటుడిగా వచ్చిన ఆస్కార్ మీద కామిక్స్ డిటెక్టివ్ 'డిక్ ట్రేసీ' పేరు చెక్కారు. ఇంటిపేరు కలిసిందని చెయ్యి అలవాటైన పేరు వైపు వెళ్లిపోయింది.

తెలుగులో చెక్కిస్తే పెద్ద పోటీలా ఉండదని మీ సంఘంలో ఎవరైనా అంటే ఫిఫా ప్రపంచ కప్ సంగతి చెప్పండి. దాని అడుగున 1974 విజేత పేరు 'డాయిచ్‌లాండ్' అని ఉంది, 1994కి 'బ్రజీల్' అని, వాళ్ల భాషలో పిలుచుకునే తీరులోనే ఉంది.

మరో సభ్యుడు:

గెలిచినవారి పేరే ముందన్న మాట నాకూ నచ్చింది, ఒప్పుకుంటున్నాను. ఒక సూచన. ప్రథమ, ద్వితీయ, తృతీయ అని ఎందుకు? మొదటి బహుమతి, రెండో బహుమతి, మూడో బహుమతి అంటే థ గొడవే ఉండదు. తృతీయకి దీర్ఘం మర్చిపోయి తృతియ అనడం కూడా తప్పుతుంది.

జవాబు:

నాకు ఎంతో నచ్చింది. ప్లేటు చిన్నదైతే 'మొదటి బహుమతి'యే పెట్టండి. దూరం నుంచి కూడా చదవగలం. పిల్లలు గెలిచినా వాళ్లంతట వాళ్లే చదువుకోగలరు.

అడిగినవారు:

అయితే ఇలా పంపుతున్నాను. పైన నల్ల ఇత్తడి మీద పేరు ఒక్కటే, ఎవరి చేత్తో వాళ్లు రాసిచ్చినట్టు. కింది ప్లేటు మీద 'వక్తృత్వ పోటీ: మొదటి బహుమతి', దాని కింద సంఘం పేరు, సంవత్సరం. చెక్కేవాళ్ల దగ్గర్నుంచి ప్రూఫ్ వచ్చాక అసలు సైజులోనే ప్రింట్ తీసి ఫొటో ఇక్కడ పెడతాను. క్తృ సరిగ్గా తేలిందో లేదో మీరంతా చూసి చెప్పాకే చెక్కమంటాను.