క్వయర్ లీడర్ అవ్వాలని ఆశపడటం తప్పా? తగ్గించుకోవడం అంటే అసలు ఏంటి?

ప్రశ్న:
అందరికీ వందనాలు. మా సంఘంలో క్వయర్ లీడ్ చేసే బ్రదర్ వేరే ఊరు వెళ్ళిపోతున్నారు, ఆ బాధ్యత నాకే వస్తుందని అంటున్నారు, నాక్కూడా చాలా ఇష్టం, చిన్నప్పట్నుంచి పాడుతున్నా, కీబోర్డ్ కూడా వచ్చు. ఈలోగా పాస్టర్ గారు పిలిచి సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసుకి ఎవరూ ముందుకి రావట్లేదు, నువ్వు తీసుకుంటావేమో ప్రార్థన చేసి చెప్పు అన్నారు. రెండూ ఒకే టైమ్, ఒకటే కుదురుతుంది. ఫిలిప్పీ 2:3లో కక్షతో గానీ వృథాతిశయంతో గానీ ఏమీ చేయొద్దని చదివినప్పుడల్లా నా ఆశ మీద నాకే డౌట్ వస్తోంది. అలాగని మత్తయి 25లో యజమాని ఇచ్చిన తలాంతు (డబ్బు) వాడకుండా పాతిపెట్టిన దాసుణ్ణి యజమాని మెచ్చుకోలేదు కదా. ఇచ్చిన వరం పక్కన పెట్టేస్తే అది తగ్గింపు అవుతుందా?

జవాబు:
బ్రదర్, మార్కు 10 ఒకసారి మొత్తం చదవండి. యేసు ప్రభువు తన మరణం గురించి మూడోసారి చెప్పిన వెంటనే యాకోబు, యోహాను వచ్చి కుడి ఎడమల సీట్లు అడిగారు, మిగతా పదిమందికీ కోపమొచ్చింది, నాకైతే వాళ్ళ మనసులోనూ అదే కోరిక ఉందనిపిస్తుంది. ప్రభువు మాత్రం గొప్పవాడు కావాలనుకోవద్దు అనలేదు, కావాలనుకునేవాడు పరిచారకుడిగా ఉండాలన్నాడు. 1 తిమోతి 3:1లో కూడా అధ్యక్షపదవి (అంటే సంఘాన్ని నడిపించే బాధ్యత) ఆశించేవాడు మంచి పనినే కోరుకుంటున్నాడని ఉంది. కాబట్టి ఆశ ఉన్నందుకు కుంగిపోకండి. రేపు క్వయర్ ఇంకొకరికి ఇస్తే, వాళ్ళు మీకంటే బాగా చేస్తే, మీరు నిజంగా సంతోషించగలరా అన్నది చూసుకోండి. అపొస్తలుడైన పౌలు బంధకాల్లో (ఖైదులో) ఉన్నప్పుడు కొందరు ఆయన్ని బాధపెట్టాలనే క్రీస్తును ప్రకటించారు, ఎలాగైతేనేం క్రీస్తు ప్రకటింపబడుతున్నాడు, నేను సంతోషిస్తున్నాను అని రాశాడు (ఫిలిప్పీ 1:15-18). నాకు ఆ నాలుగు వచనాలు చాలా కష్టంగా ఉంటాయి.

జవాబు:
పై బ్రదర్ చెప్పినదానికి తోడు బర్నబాని చూడండి అన్నా. పొలం అమ్మి డబ్బు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టింది ఆయనే, సౌలుని (పౌలుకే ఇంకో పేరు) అందరూ అనుమానిస్తున్నప్పుడు దగ్గరకి తీసింది ఆయనే, తర్వాత తార్సుకి వెళ్ళి వెతికి మరీ అంతియొకయకి తీసుకొచ్చాడు. అపొస్తలుల కార్యములు 13 మొదట్లో "బర్నబా, సౌలు" అని ఉంటుంది, అదే అధ్యాయం చివరికొచ్చేసరికి ఎక్కువగా "పౌలు, బర్నబా". తను తీసుకొచ్చినవాడు తనకంటే ముందుకెళ్ళాడు, దానికి బర్నబా గొడవపడినట్టు ఎక్కడా లేదు. తర్వాత ఇద్దరికీ వాదం వచ్చింది నిజమే కానీ అది పేరు కోసం కాదు, ఒకసారి వెనక్కి వెళ్ళిపోయిన మార్కుకి ఇంకో ఛాన్స్ ఇద్దామని. ఆ పిల్లల క్లాసులో రేపటి పౌలు ఎవరున్నారో మనకేం తెలుసు.

జవాబు:
ఒక్క జాగ్రత్త చెప్తాను తమ్ముడూ, ఎవరో "తగ్గించుకో" అని నొక్కితే భయపడి ఒప్పుకోవద్దు, అలా ఒప్పుకున్నవాళ్ళు లోపల చేదు పెంచుకోవడం చాలా చూశాను, ముఖ్యంగా ఆడవాళ్ళలో. క్రీస్తు తన్ను తానే రిక్తునిగా చేసుకున్నాడు, అంటే ఖాళీ చేసుకున్నాడు (ఫిలిప్పీ 2:7), ఎవరూ లాక్కోలేదు. యోహాను 13:3 చూడు, తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడని తెలిసే లేచి తువ్వాలు కట్టుకున్నాడు, తనని అప్పగించబోయే యూదా ఇంకా అక్కడే ఉన్నాడు, అతని కాళ్ళు కూడా కడిగాడు. తను ఎవరో తెలిసినవాడికే అంత కిందికి వంగడం సాధ్యం. ఇక తలాంతు అంటావా, పిల్లలకి పాటలు నేర్పితే అది పాతిపెట్టినట్టు ఎలా అవుతుంది? పాస్టర్ గారు ప్రార్థన చేసి చెప్పమన్నారు కదా, తొందరేం లేదు, నీ ఆశ సంగతి కూడా ఆయనకి దాచకుండా చెప్పు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. అక్కా, పాటలు నేర్పొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. క్వయర్ మీద ఆశ అయితే పోలేదు, పాస్టర్ గారికి అది కూడా చెప్పి, క్లాసు తీసుకుంటానని చెప్దామనుకుంటున్నా. ఐదారేళ్ళ పిల్లలకి మార్కు సువార్తతో మొదలుపెట్టొచ్చా, లేక పాత నిబంధన కథలు ముందు చెప్పాలా? ఎవరైనా క్లాసు తీసుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి.