రాస్ప్‌బెర్రీ పై మీద టచ్ ప్యానెల్: తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి, టచ్ ఆగి ఆగి పనిచేస్తోంది

ధాన్యం_ప్యానెల్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. రైస్ మిల్లు డ్రైయర్‌కి కంట్రోల్ ప్యానెల్ తయారవుతోంది. బోర్డు రాస్ప్‌బెర్రీ పై 3ఏ ప్లస్ అనే చిన్న కంప్యూటర్, 512 ఎంబీ ర్యామ్. స్క్రీన్ 3.5 అంగుళాల రెసిస్టివ్ (నొక్కిన ఒత్తిడితో పనిచేసేది), 480×320, ఎస్‌పీఐ అనే సీరియల్ తీగల మీద నడిచేది. డిస్‌ప్లే చిప్ ఐఎల్ఐ9486, టచ్ చిప్ ఎక్స్‌పీటీ2046. డెస్క్‌టాప్ లేని ఓఎస్ లైట్ వేశాను. యాప్‌ని సీ భాషలో ఎల్‌వీజీఎల్ 9 అనే గ్రాఫిక్స్ లైబ్రరీతో రాసి నేరుగా ఫ్రేమ్‌బఫర్ (తెర బొమ్మ ఉండే మెమరీ) మీదికి గీయిస్తున్నాను. ఆరు ఉష్ణోగ్రత ట్రాన్స్‌మిటర్లు ఆర్‌ఎస్-485 అనే రెండు తీగల లైన్ మీద ఉన్నాయి, వేగం 9600 బాడ్ (సెకనుకి 9600 బిట్లు), మాట్లాడే పద్ధతి మోడ్‌బస్.

నాలుగు చిక్కులున్నాయి. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి మారేటప్పుడు స్క్రీన్ పైనుంచి కిందికి తెర దించినట్టు నెమ్మదిగా నిండుతోంది. "ఉష్ణోగ్రత" అని రాస్తే ఒత్తులు కిందికి చేరకుండా అక్షరాలు విడివిడిగా పడుతున్నాయి. ఫాంట్ మార్చినా అంతే. బటన్ నొక్కితే ఒక్కోసారి సెకను దాకా ఉలుకూ పలుకూ ఉండదు. పైగా కరెంటు పోయి వచ్చినప్పుడు అప్పుడప్పుడు ఎస్‌డీ కార్డు బూట్ అవడం లేదు. మిల్లులో పనిచేసేవాళ్లకి తెలుగు తప్పనిసరి. ఏది మార్చాలి, ఏది ఉంచాలి?

బస్సులెక్క జవాబు

మొదటి చిక్కు కోడ్‌లో లేదండీ, తీగలో ఉంది. లెక్క వేసి చూడండి: 480×320 పిక్సెళ్లు, ఒక్కోటి 16 బిట్లు, అంటే ఒక్క ఫ్రేమ్‌కి 24,57,600 బిట్లు. ఎస్‌పీఐ క్లాక్ 16 మెగాహెర్ట్జ్ అయితే సెకనుకి ఆరున్నర ఫ్రేములు దాటవు. 32కి పెంచినా 13, అదీ కాగితం మీద. పెంచితే కొన్ని మాడ్యూళ్లలో రంగులు చెదురుతాయి కూడా.

ఎల్‌వీజీఎల్ మారిన భాగాన్నే గీస్తుంది కదా అనుకోవచ్చు. కానీ ఈ స్క్రీన్‌ని నడిపే ఎఫ్‌బీటీఎఫ్‌టీ డ్రైవర్ మారిన దీర్ఘచతురస్రాలను గుర్తుపెట్టుకోదు. మారిన మొదటి లైను, చివరి లైను మాత్రమే చూసుకుని మధ్యలో ఉన్నదంతా పంపేస్తుంది. పైన గడియారం, కింద స్టేటస్ బార్ ఒకేసారి మారితే దాదాపు పూర్తి ఫ్రేమ్ పోయినట్టే. ఈ స్క్రీనే ఉంచుకోవాల్సి వస్తే సెకనుసెకనుకీ మారేవన్నీ ఒకే అడ్డపట్టీలో పక్కపక్కన పెట్టండి, పేజీ మారేటప్పుడు యానిమేషన్ తీసేయండి. ఈ రెండింటితోనే చాలా తేడా కనిపిస్తుంది.

ఇంకో సంగతి: ఈ మాడ్యూళ్లలో టచ్ చిప్ కూడా అదే ఎస్‌పీఐ బస్సు (ఉమ్మడి డేటా దారి) మీద ఉంటుంది. ఫ్రేమ్ వెళ్తున్నంతసేపూ టచ్ రీడింగ్ లైనులో నిలబడాలి. మీ మూడో చిక్కులో కొంత వాటా దీనిదే.

3ఏ ప్లస్‌కి డీఎస్‌ఐ కనెక్టర్ (స్క్రీన్ కోసమే ఉన్న వేగమైన దారి) ఉంది కాబట్టి 7 అంగుళాల 800×480 డీఎస్‌ఐ స్క్రీన్‌కి మారమని నా సలహా. పిక్సెళ్లు బస్సు కోసం ఎదురుచూడవు, గీసే పని జీపీయూకి (గ్రాఫిక్స్ చిప్‌కి) అప్పగించవచ్చు, ఎస్‌పీఐ పిన్నులూ ఖాళీ అవుతాయి. ఆ స్క్రీన్ మీద మిల్లీమీటరుకి సుమారు 5.2 పిక్సెళ్లు. హడావిడిలో నొక్కే బటన్ ఏ పక్క చూసినా 10 మిల్లీమీటర్లకి, అంటే 52 పిక్సెళ్లకి తగ్గకూడదు; స్టాప్ బటన్‌కైతే దానికి రెట్టింపు ఇవ్వండి. ఒక్క హెచ్చరిక: అది ఫోన్లలో ఉండే కెపాసిటివ్ టచ్. మందపాటి గ్లోవ్స్‌తో పనిచేయదు, తడి చేత్తో తడబడుతుంది. మీ దగ్గర గ్లోవ్స్ వాడతారా లేదా అన్నది కొనేముందే తేల్చుకోండి.

ఒత్తులగుడి జవాబు

తెలుగు సంగతి నేను చెబుతాను. ఫాంట్ తప్పు కాదు. "ఉష్ణోగ్రత" మెమరీలో తొమ్మిది యూనికోడ్ సంకేతాలు: ఉ, ష, పొల్లు, ణ, ఓత్వం, గ, పొల్లు, ర, త. వీటిలో ష, పొల్లు, ణ, ఓత్వం అనే నాలుగూ కలిసి తెర మీద ఒక్క అక్షరం కావాలి. ణత్తు కిందికి వెళ్లాలి, ఓత్వం ఎగిరి ష తల మీద కూర్చోవాలి. ఆ నియమాలు ఫాంట్ ఫైల్‌లోనే పట్టికలుగా ఉంటాయి, వాటిని చదివి అమలు చేసేది హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజిన్. ఎల్‌వీజీఎల్ సొంతంగా చేసే కలిపే పని అరబిక్, పర్షియన్ లిపులకే. మనకి సంకేతానికొక బొమ్మ చొప్పున వరసగా పేర్చి వదిలేస్తుంది. పైగా దాని ఫాంట్ కన్వర్టర్ ఆ పట్టికలను తీసుకోదు, కాబట్టి ఏ ఫాంట్ పెట్టినా ఫలితం ఒకటే.

దారులు రెండు. తెలుగులో ఉన్నవన్నీ మారని లేబుళ్లే అయితే, అంటే బటన్ పేర్లు, శీర్షికలు, ముందే రాసిపెట్టిన అలారంలు అయితే, ఎల్‌వీజీఎల్‌ని వదలక్కర్లేదు. కంప్యూటర్‌లో, ఒత్తులు సరిగా కలిపే పాంగో-వ్యూ కమాండ్‌తో ఒక్కో మాటనీ నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌లో పీఎన్‌జీగా తీయండి, ఎల్‌వీజీఎల్ ఇమేజ్ కన్వర్టర్‌లో ఏ8 ఫార్మాట్ ఎంచుకుని లోపల పెట్టండి. ఏ8లో పారదర్శకత ఒక్కటే నిల్వ అవుతుంది కాబట్టి ఒకే బొమ్మకి యాప్ నడుస్తుండగానే ఎరుపో పచ్చో రంగు వేయవచ్చు. అంకెలు మామూలు ఫాంట్‌లో లైవ్‌గా నడుస్తాయి. యాభై అరవై లేబుళ్ల దాకా ఇది చక్కటి పద్ధతి.

రైతు పేరో లాట్ వివరమో అక్కడికక్కడే తెలుగులో చూపించాలంటే మాత్రం క్యూటీ అనే ఇంకో యాప్ లైబ్రరీకి మారండి. హార్ఫ్‌బజ్ అందులోనే ఉంది. ఫాంట్ ఫైల్ మాత్రం మీరే వెంట తీసుకెళ్లాలి. లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి. సైజు 22 పిక్సెళ్లకి తగ్గించొద్దు, ఒత్తు కింద ఒత్తు ఉన్నచోట ముద్దగా అవుతుంది. ఇంగ్లిష్ కొలతతో చేసిన బటన్ ఎత్తులో ఒత్తుల అడుగులు తెగిపోతాయి. అందుకే లేబుల్ ఎత్తుని అంకెతో బిగించకుండా ఫాంట్‌నే నిర్ణయించనివ్వండి.

లైన్‌మీద_485 జవాబు

సెకను పాటు ఆగడానికి అసలు కారణం మోడ్‌బస్ అని నా అనుమానం. తెర గీసే లూప్‌లోనే సెన్సర్లనీ చదువుతున్నారు కదూ? ఒక్క రిజిస్టర్ చదవాలంటే పోను 8 బైట్లు, రాను 7. ఈ 15 బైట్లకే 9600 బాడ్‌లో దాదాపు 16 మిల్లీసెకన్లు. ఆరింటికీ కలిపి వంద, ఆపైన ట్రాన్స్‌మిటర్ ఆలోచించుకునే సమయం. ఇదంతా సవ్యంగా ఉన్నప్పటి మాట. ఒక ట్రాన్స్‌మిటర్ పలక్కపోతే లిబ్‌మోడ్‌బస్ (మోడ్‌బస్ చదివే లైబ్రరీ) డిఫాల్ట్‌గా అర సెకను ఎదురుచూస్తుంది. రెండు పలక్కపోతే మీరు చెప్పిన సెకను సరిగ్గా వచ్చేస్తుంది.

చదవడాన్ని వేరే థ్రెడ్‌లో, అంటే సమాంతరంగా నడిచే పనిలో పెట్టండి. ఎల్‌వీజీఎల్ విడ్జెట్లను ఆ థ్రెడ్ నుంచి ముట్టుకోవద్దు, అది థ్రెడ్‌లకి సురక్షితం కాదు. చదివిన విలువనీ, చదివిన సమయాన్నీ మ్యూటెక్స్ (ఒక్కసారికి ఒక్కరినే అనుమతించే తాళం) ఉన్న ఒక స్ట్రక్చర్‌లో వేయండి. తెర వైపు టైమర్ 200 మిల్లీసెకన్లకోసారి అక్కడి నుంచి తీసుకుని గీస్తుంది. సమయం ఎందుకంటే, విలువ 5 సెకన్లకంటే పాతదైతే అంకె తీసేసి గీతలు చూపించాలి. సెన్సర్ చచ్చిపోయినా తెర మీద పాత 62 డిగ్రీలు అలాగే నిలిచిపోవడం డ్రైయర్‌లో ప్రమాదకరం. దీన్ని మాత్రం దయచేసి వాయిదా వేయకండి.

పలకని ట్రాన్స్‌మిటర్లు ఎక్కువైతే లైను చూడండి. 120 ఓమ్ రెసిస్టర్ రెండు చివర్లలోనే ఉండాలి, మధ్య వాటికి వద్దు. కేబుల్ మెలితిప్పిన జత, షీల్డ్ ఉన్నది. షీల్డ్‌ని ఒక్క కొసలోనే ఎర్త్ చేయండి. ఫ్యాన్ మోటార్‌కి వీఎఫ్‌డీ (వేగం మార్చే డ్రైవ్) ఉంటే దాని కేబుల్ వెళ్లే ట్రేలో దీన్ని పడుకోబెట్టవద్దు.

కార్డు విషయం: రాస్పీ-కాన్ఫిగ్ (బోర్డు సెట్టింగుల టూల్)లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే రూట్ (ఓఎస్ ఉన్న భాగం) మీద రాతలన్నీ ర్యామ్‌లోకి పోతాయి. ఉన్నది 512 ఎంబీయే కాబట్టి జర్నల్ లాగ్‌ని 16 ఎంబీకి కట్టేయండి. సెట్టింగులకి చిన్న ఈఎక్స్‌టీ4 పార్టిషన్ విడిగా ఉంచండి. అక్కడ పాత ఫైల్‌ని తెరిచి దాని మీదే రాయకండి: కొత్త పేరుతో రాసి, ఎఫ్‌సింక్ చేసి (అంటే కార్డు మీద నిజంగా రాయించి), ఆ తర్వాతే పాత పేరుకి మార్చండి. మధ్యలో కరెంటు పోయినా పాతదో కొత్తదో ఒకటి పూర్తిగా దక్కుతుంది.

ధాన్యం_ప్యానెల్

చాలా కృతజ్ఞతలండీ. అవును, చదవడం, గీయడం ఒకే లూప్‌లో ఉన్నాయి. గ్లోవ్స్ వాడరు. రైతు పేర్లు కూడా చూపించాలి కాబట్టి డీఎస్‌ఐ స్క్రీన్, క్యూటీ వైపు వెళ్తాను. పెట్టె తయారీ వల్ల స్క్రీన్‌ని తలకిందులుగా బిగించాలి. దానికేం చేయాలి? అమ్మే వస్తువుకి లైసెన్స్ చిక్కులేమైనా ఉన్నాయా?

ఒత్తులగుడి జవాబు

డెస్క్‌టాప్ లేకుండా ఈజీఎల్‌ఎఫ్‌ఎస్ ప్లాట్‌ఫామ్ (క్యూటీ నేరుగా పూర్తి తెర మీద గీసే పద్ధతి) మీద నడపండి. యాప్ నడిపే యూజర్‌ని వీడియో, రెండర్, ఇన్‌పుట్ గ్రూపుల్లో చేర్చండి. తిప్పడానికి క్యూటీలో ఉన్న ఈజీఎల్‌ఎఫ్‌ఎస్ రొటేషన్ వేరియబుల్ విడ్జెట్ యాప్‌లకే, క్యూఎంఎల్‌కి (క్యూటీలో తెరలు వర్ణించే భాషకి) పట్టదు. క్యూఎంఎల్‌లో అన్నిటికంటే పైనున్న ఐటెమ్‌కి రొటేషన్ 180 ఇస్తే చాలు, టచ్ కూడా దానితోపాటే తిరుగుతుంది. స్క్రీన్ హార్డ్‌వేర్‌ని వర్ణించే డివైస్ ట్రీ ఓవర్‌లేలో (కార్డుకి చెప్పిన ఓవర్‌లే కాదు) టచ్ అక్షాలను కూడా తిరగేశారంటే పైన నొక్కితే కింద బటన్ పలుకుతుంది. రెండింటిలో ఒకటే చేయండి.

లైసెన్స్: క్యూటీ ప్రధాన మాడ్యూళ్లు ఎల్‌జీపీఎల్ 3 అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద దొరుకుతాయి. డైనమిక్‌గా లింక్ చేయాలి (లైబ్రరీ విడి ఫైల్‌గా ఉండాలి), కొన్నవాళ్లు కావాలంటే క్యూటీ లైబ్రరీని మార్చుకోగలగాలి, అంటే బూట్‌ని తాళం వేసి అమ్మకూడదు. క్యూటీ వర్చువల్ కీబోర్డ్, క్యూటీ చార్ట్స్ మాత్రం జీపీఎల్ లేదా కమర్షియల్ లైసెన్స్. వాటిని కలిపేముందు ఆలోచించుకోండి. సెట్ పాయింట్ (కావాల్సిన ఉష్ణోగ్రత) కొట్టడానికి పన్నెండు బటన్ల నంబర్ ప్యాడ్ క్యూఎంఎల్‌లో గ్రిడ్, రిపీటర్ పెడితే ముప్పై నలభై లైన్లలో అయిపోతుంది.