స్కూల్ డిస్ట్రిక్ట్‌లో గ్రాంటు: సంతకం ఎవరిది?

కొత్త టీచర్:
అందరికీ నమస్కారం. జే-1 ఎక్స్‌ఛేంజ్ వీసా మీద ఈమధ్యే అమెరికా వచ్చి మిడిల్ స్కూల్లో సైన్స్ చెబుతున్నాను. ల్యాబ్‌లో మైక్రోస్కోపులు సగం పాడైపోయి ఉన్నాయి. ఒక ఫౌండేషన్ గ్రాంటు ఇస్తోందని తెలిసి ప్రపోజల్ దాదాపు రాసేశాను. నెలాఖరుకి గడువు. ఫారం చివర ‘ఆథరైజ్డ్ సిగ్నేచర్’ అడుగుతున్నారు. ప్రిన్సిపాల్ గారు సంతకం పెడితే చాలా?

డిస్ట్రిక్ట్ గ్రాంట్ల ఆఫీసులో పనిచేసే ఆవిడ:
ఆగండమ్మా, ఇప్పుడే పంపకండి. చాలా డిస్ట్రిక్టుల్లో ఆ సంతకం ప్రిన్సిపాల్ చేతిలో ఉండదు. రాసేది మీరే అయినా కాగితం మీద దరఖాస్తు పెట్టేది డిస్ట్రిక్ట్, అంటే మీ ప్రాంతంలో ప్రభుత్వ స్కూళ్లని నడిపే సంస్థ. అందుకే డిస్ట్రిక్ట్‌కి పెద్ద అధికారి అయిన సూపరింటెండెంటో, ఆ అధికారం పొందినవాళ్లో సంతకం పెడతారు. గ్రాంటు మొత్తం పెద్దదైతే, డిస్ట్రిక్ట్ నిర్ణయాలు తీసుకునే స్కూల్ బోర్డు ఓటు కూడా కావాలి. ఎంత దాటితే బోర్డుకి వెళ్లాలన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. మీ బోర్డు పాలసీల్లో ‘గ్రాంట్స్’ అనో ‘గిఫ్ట్స్’ అనో వెతకండి, దొరుకుతుంది.

కొత్తవాళ్లకి దెబ్బ పడేది ఇక్కడే. గడువు నెలాఖరు అనుకుంటారు. బోర్డేమో నెలకి ఒకటి రెండు సార్లే కూర్చుంటుంది, ఎజెండా అంతకు చాలా రోజుల ముందే మూసేస్తారు. మీ అసలు గడువు అది. ఎజెండాలో చేరితే మాత్రం పెద్ద గొడవేం ఉండదు. ఇలాంటివి సాధారణంగా కన్సెంట్ ఎజెండాలో పెట్టి, చర్చ లేకుండా అన్నీ కలిపి ఒకే ఓటుతో కానిచ్చేస్తారు.

బడ్జెట్ సంగతి. సాయంత్రం సైన్స్ క్లబ్ నడిపే టీచర్‌కి 2,000 డాలర్ల స్టైపెండ్ అని రాశారనుకోండి. దాని మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (ముసలితనంలో పింఛను, వైద్యం కోసం జీతం మీద కట్టే ఫెడరల్ పన్నులు) కింద యజమాని వాటా 7.65 శాతం, అంటే 153 డాలర్లు డిస్ట్రిక్ట్ కట్టాలి. టీచర్లు చాలావరకు సోషల్ సెక్యూరిటీలో లేని టెక్సస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల లెక్క వేరు, అక్కడ పెన్షన్ వాటా చూడాలి. ఆ లైను వదిలేస్తే బిజినెస్ ఆఫీసు ఫైలు వెనక్కి కొడుతుంది. ఆ స్టైపెండ్ మీకే అనుకుంటుంటే ఆ వీసా మీద అదనపు డబ్బు తీసుకోవచ్చా అని ముందు మీ వీసా స్పాన్సర్‌ని (మిమ్మల్ని ఈ ప్రోగ్రాంలో తెచ్చిన సంస్థని) రాతపూర్వకంగా అడగండి. ఇది తేలిగ్గా తీసుకోకండి.

ఇక ‘అవసరం’ అన్న భాగంలో మా పిల్లలు పేదవాళ్లు అని రాసి ఊరుకోవద్దు. రాష్ట్రం ఏటా ప్రతి స్కూలుకీ రిపోర్ట్ కార్డు విడుదల చేస్తుంది. అందులో మీ స్కూలు అంకెలు తీసుకోండి. దాని కింద, ముప్పై మంది క్లాసులో ఒక్కో మైక్రోస్కోపు చుట్టూ ఎంతమంది నిలబడుతున్నారో రాయండి. చదివేవాళ్లకి ఆ వాక్యమే గుర్తుంటుంది.

పీటీఏలో (తల్లిదండ్రుల, టీచర్ల సంఘంలో) తిరిగే నాన్న:
నాలుగు మైక్రోస్కోపులకి ఇంత తతంగమా అండీ? పీటీఏ మినీ గ్రాంటు అడగండి. లేదా టీచర్లు క్లాసుకి కావలసినవి అడిగితే దాతలు డబ్బు కట్టే డోనర్స్‌చూజ్ సైట్‌లో పెట్టండి. 2000లో బ్రాంక్స్‌లో ఒక టీచరే మొదలుపెట్టాడు దాన్ని. డబ్బు చేతికి రాదు, వస్తువులే స్కూలుకి వస్తాయి.

గ్రాంట్ల ఆఫీసు ఆవిడ:
మైక్రోస్కోపుల వరకే అయితే మీ మాటే రైటు. కాకపోతే అలాంటి సైట్లకి కూడా ముందస్తు అనుమతి అడిగే డిస్ట్రిక్టులున్నాయి, పాలసీ చూసుకుని పెట్టాలి. పిల్లల ఫొటోలు పెట్టే ముందు తల్లిదండ్రుల అనుమతి ఉందో లేదో ఆఫీసులో కనుక్కోవాలి.

కొత్త టీచర్:
థాంక్యూ మేడమ్. టైటిల్ 1 డబ్బుతో కొనొచ్చు కదా అని పక్క క్లాసు టీచర్ అంటున్నారు?

గ్రాంట్ల ఆఫీసు ఆవిడ:
అది పేద పిల్లలు ఎక్కువగా ఉన్న స్కూళ్ల కోసం ఇచ్చే ఫెడరల్ డబ్బు, 1965 నాటి చట్టం కింద వచ్చేది. స్కూలుకి మామూలుగా రావలసిన నిధులకి అదనంగా ఉండాలి తప్ప వాటి బదులు వాడకూడదు. పైగా స్కూలు ప్లాన్‌లో ఆ ఖర్చుకి చోటుండాలి. కాబట్టి అది మీ ఇద్దరి మధ్య తేలే విషయం కాదు, ప్రిన్సిపాల్ గారిని అడగాలి.

రేపు పొద్దున్నే ఆయనకి మెయిల్ పెట్టండి. ఎవరిస్తున్నారు, ఎంత, దేనికి, గడువెప్పుడు, గ్రాంటు అయిపోయాక రిపేర్ల ఖర్చు ఎవరిది. ఈ ఐదూ చాలు. కాపీ మీ డిస్ట్రిక్ట్ గ్రాంట్ల ఆఫీసుకి వేయండి. ఈ నెల ఎజెండా అందకపోతే అదే ఫౌండేషన్ తర్వాతి విడతకి ఆ ప్రపోజలే పనికొస్తుంది, పారేయకండి.