వెనక బ్రేక్ పైపు: ఫ్రేము లోపలా, బయటా?

భీమవరం_బగ్గీ
అన్నలందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు తామే కట్టిన బగ్గీలతో రాళ్ల దారిలో పోటీపడే బాజా ఎస్ఏఈ ఇండియాకి మా టీమ్ బండి కడుతోంది. ఫ్రేము వెల్డింగ్ అయిపోయింది. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టేది) ముందుంది, ఇంజనూ సీవీటీ (బెల్టుతో నడిచే గేర్‌బాక్స్) వెనకున్నాయి. వెనక డిస్కుల దాకా పైపు ఎటు తీసుకెళ్లాలన్న దగ్గర టీమ్ రెండుగా చీలిపోయింది. సీటు కింద నుంచి ఫ్రేము లోపలగా పోనిద్దామని కొందరు, ఎడమ పక్క కింది ట్యూబుకు బయటవైపు బిగిస్తే చూసుకోవడానికి వీలుగా ఉంటుందని కొందరు. పైపు 4.75 మి.మీ. మీరేమంటారు?

ఆటోనగర్_మేస్త్రి (విజయవాడ)
బయటే వెయ్యి బాబూ. సీటు కింద, కార్పెట్ కింద పోయిన పైపు ఎప్పుడు కారడం మొదలైందో ఎవరికీ తెలీదు. పెడల్ కిందికి దిగిపోయాకే సీటు ఊడదీస్తారు. బయటుంటే రోజూ కంటబడుతుంది, స్పానర్ పడుతుంది. కంపెనీ కార్లకైనా పైపు ఫ్లోరు కిందనుంచే కదా వెళ్తుంది?

ఓరుగల్లు_బాజా
మేస్త్రి గారూ, మీ అనుభవం ముందు నేనెంత? అయినా ఈ మాట మాత్రం ఒప్పుకోలేను. కంపెనీ కారు రోడ్డు మీద తిరుగుతుంది, దాని పైపు ఫ్లోరులో నొక్కిన గాడిలో ఉంటుంది. బగ్గీకి ఆ గాడి ఎక్కడిది? మధ్యప్రదేశ్ పీథంపూర్‌లో జరిగే ఈ పోటీలో ఎండ్యూరెన్స్ రేసు నాలుగు గంటలు. రాళ్ల మీద పొట్ట ఆనుతుంది, మలుపులో పక్క బండి వచ్చి గుద్దుతుంది. కింది ట్యూబుకు బయట పైపు వేస్తే మొదటి దెబ్బ దానికే. లైను ఫ్రేముకు, చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ ఆర్ములకు కిందుగా వేలాడకూడదని, ప్లాస్టిక్ లైను పనికిరాదని రూల్ పెట్టింది కూడా ఇందుకే. తమ్ముడూ, లోపలే వెయ్యండి.

ఆటోనగర్_మేస్త్రి
రాళ్ల సంగతి నిజమే. మరి లోపల వేస్తే వెనక్కొచ్చేసరికి సీవీటీ పక్కన, సైలెన్సర్ పక్కన పోవాలి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. చెమ్మ పీల్చాక 140కే మరుగుతుంది. మరిగితే లోపల ఆవిరి, పెడల్ మెత్తగా నేలకి దిగుతుంది. దానికేం చెప్తావు?

ఓరుగల్లు_బాజా
వేడి గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే సైలెన్సర్ లేని వైపు నుంచి దాటించాలి, మధ్యలో రేకు అడ్డం పెట్టాలి. బెల్టు తెగితే ముక్కలు ఎగిరొస్తాయి కాబట్టి సీవీటీ గార్డుకు అవతల నడపాలి. ఇవన్నీ కాగితం మీద ముందే తేల్చుకునేవి. బయటి రాయి ఎప్పుడు తగులుతుందో ఎవరు తేల్చగలరు?

కోవెంట్రీ_గ్యారేజ్
ఇక్కడ ఇంగ్లండ్‌లో నేను ఇంటి వెనక షెడ్డులో లోటస్ సెవెన్ అనే పాత చిన్న స్పోర్ట్స్ కారు తరహాలో ఒకటి కడుతున్నాను. రోడ్డెక్కాలంటే ఐవీఏ అనే ప్రభుత్వ వాహన పరీక్ష పాసవ్వాలి. నాదీ ఇదే తగువు, ఇంజను నుంచి వెనక చక్రాలకు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే టన్నెల్లో పైపు వేయాలా వద్దా అని. జాయింటు విరిగి షాఫ్ట్ కొట్టుకుంటే పైపు తెగుతుందని చాలామంది భయపెట్టారు. టన్నెల్ పై మూలలో, షాఫ్ట్ అందని చోట, చదరపు ట్యూబు మాటున వేశాను. నన్నడిగితే లోపలా బయటా అన్నదానికంటే ట్యూబుకు ఏ ముఖాన పైపు ఉందన్నదే ముఖ్యం. లోపలి ముఖానికి, ట్యూబు అడుగుకంటే పైకి బిగిస్తే రాయి ముందు ట్యూబుకు తగులుతుంది, మేస్త్రి గారి కంటికీ పైపు కనిపిస్తుంది.

ఇంతకీ దారి కంటే బిగింపే ఎక్కువ బళ్లను ముంచుతుంది. రేకులో రంధ్రం గుండా పైపు దూర్చి గ్రోమెట్ (రంధ్రం అంచుకు వేసే రబ్బరు రింగు) వేయకపోతే అంచు దగ్గర సన్నగా ఉంగరంలాంటి మెరుపు గీత పడుతుంది. ఆ మెరుపంతా అరిగిన లోహమే. పెడల్ నిష్పత్తి 6 (అంటే కాలి బలం ఆరు రెట్లవుతుంది), మాస్టర్ సిలిండర్ బోరు 19 మి.మీ. అనుకోండి. కాలితో 50 కిలోల బరువు వేస్తే లైనులో వంద బార్ దాటుతుంది. అరిగిన గీత దాన్ని ఎంతకాలం ఆపుతుంది? 300 మి.మీ.కు ఒక రబ్బరు తొడుగు క్లిప్పు వెయ్యండి. కేబుల్ టైలతో సరిపెట్టొద్దు. ఉత్త రాగి పైపు కూడా వద్దు, వైబ్రేషన్‌కు గట్టిపడి పగులుతుంది. రాగి-నికెల్ పైపు తీసుకోండి, చేత్తో వంగుతుంది, తుప్పు పట్టదు.

ఆటోనగర్_మేస్త్రి
రాగి మాట ఒప్పుకుంటాను. పగిలిన పైపులు నా చేత్తోనే మార్చాను. ఇంకో సంగతి. ఫ్లేరు (వెడల్పు చేసిన పైపు చివర), నట్టు, ఫ్లేరు ఆనే సీటు మూడూ ఒకే రకం కావాలి. డబుల్ ఫ్లేరు కూర్చునే చోట బబుల్ ఫ్లేరు పెట్టి, కారుతోందని టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్లున్నారు. అక్కడ ఆయిల్‌ని ఆపేది మర కాదు, ఫ్లేరు ముఖం. టేపు పీలికలు లోపలికెళ్లి సిలిండర్లో ఇరుక్కుంటాయి.

ఓరుగల్లు_బాజా
తమ్ముడూ, వెనక ఆర్ము మీదకి హోస్ పైపు దాటించేది ఆర్ము పిన్ను దగ్గర్లోనే పెట్టు. అక్కడ కదలిక తక్కువ, హోస్ లాక్కోదు. స్ప్రింగు విప్పి చక్రాన్ని పూర్తిగా కిందికి, పూర్తిగా పైకి ఆడించి చూడు. ముందు చక్రాలకైతే స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి కూడా చూడాలి. సీటు కింద పైపును విల్లులా పైకి లేపకు, ఆ వంపులో గాలి నిలిచి ఎంత బ్లీడింగ్ చేసినా (లైనులో గాలి తీసినా) పెడల్ గట్టిపడదు.

భీమవరం_బగ్గీ
లోపలి ముఖానికే వేస్తున్నాం అన్నా, సైలెన్సర్ లేని ఎడమవైపు. మేస్త్రి గారి మాట కోసం సీటు కింద ఫ్లోరు రేకును నాలుగు బోల్టులతో ఊడొచ్చేలా చేస్తున్నాం.

ఆటోనగర్_మేస్త్రి
అది చాలు. నేనైతే ఇప్పటికీ బయటే వేసేవాణ్ణి, కానీ రేకు ఊడొస్తుందంటే నాకు అభ్యంతరం లేదు. ఎయిర్ తీశాక ఒకరు పెడల్ గట్టిగా తొక్కిపట్టి ఉండండి, ఇంకొకరు ప్రతి జాయింటు కింద తెల్ల కాగితం పెట్టి చూడండి. ట్రాక్‌కి తీసుకెళ్లే ముందు రోజు మళ్లీ ఒకసారి.